టెంకాయ కొట్టిన తరువాత

ఆ ఆదివారం ఉదయం, పలహారాల వేళ, దేవేంద్రప్పగారి ఇంటి హాలులో హాజరైనవారు, కూర్చున్న వరుసలో, వీరు: ఆసుపత్రి వ్యవస్థాపకులూ అధ్యక్షులూ అయిన దేవేంద్రప్పగారు, తూర్పు గోడకు వేసిన చేతుల కుర్చీలో, ఆయనకు కుడిపక్కన పెద్దకుమారుడు ప్రదీప్, ఆసుపత్రి పరిపాలన చూసేవాడు, ఎడమపక్కన కుమార్తె స్వప్న, స్కానింగులు చదివి రిపోర్టులు రాసే వైద్యురాలు, ఎదురుగా దివాను మీద గృహిణి హనుమంతమ్మగారు, కిటికీ దగ్గర చిన్నకుమారుడు ఉరుకుందు, మందుల దుకాణం చూసుకునేవాడు. అందరికంటే చివర వచ్చిన చిన్నకోడలు ఉమాదేవి, ఆసుపత్రి కంప్యూటర్ల పని చూసేది, కూర్చోలేదు. ఆమె చేతిలో తడిగుడ్డ ఉంది.

"టెంకాయ ఎవరు కొట్టినారు?"

ఉరుకుందు ఫోనులోకి మరికొంత వంగాడు.

"కింద ఫైర్‌వాల్ పెట్టె ముందర టెంకాయ ఎవరు కొట్టినారని అడుగుతాండాను. నీళ్లు కరెంటు బోర్డు దాకా పోయిండాయి. పెట్టెకు గాలి పోయే సందులన్నీ విభూది."

"మంచి పనికి విభూది పెట్టక మసి పూస్తారా?" అన్నాడు ప్రదీప్, ఇడ్లీ తుంచుతూ.

"బావా, ఈ పొద్దు చేస్తామని ఎవరన్నారు?"

"నేనన్నాను. నాయన కానీ అన్నాడు. అమ్మ కర్పూరం ఇచ్చింది. ఇంగెవరనాల?"

"చేసేదాన్ని నేను."

"అందుకే గదా నిన్ను పిలిచింది. రా, కూచో, తిను, చెయ్యి."

ఇంతకూ ఆ పెట్టె చూడటానికి పాత టేప్ రికార్డరంత ఉంటుంది. బయటి ఇంటర్నెట్‌కూ ఆసుపత్రి కంప్యూటర్లకూ మధ్య కావలి కాయటం దాని ఉద్యోగం. ఇంటి కింద ఉన్న ఆదోని ఆసుపత్రిలో ఒకటి, ఎమ్మిగనూరులోని స్కానింగ్ కేంద్రంలో ఒకటి. ఈ రెండూ తమలో తాము కుదుర్చుకున్న ఒక మూసిన దారిగుండానే ఎమ్మిగనూరులో తీసిన స్కానులు ఆదోనిలో స్వప్న బల్ల మీదకు చేరుతాయి. ఎమ్మిగనూరులో స్కాను తీసేవారున్నారు గాని, చదివేవారు లేరు.

పెట్టెలు తయారుచేసిన కంపెనీ, వాటి సాఫ్ట్‌వేర్‌లో ఒక కంత బయటపడిందనీ, దొంగలు దాని వెంట దూరగలరనీ, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవలసిందనీ తెలియజేసింది. ఎక్కించాలన్న విషయంలో ఇంట్లో భేదాభిప్రాయం లేదు. ఎప్పుడు, ఎలా అన్నచోటనే వారం రోజులుగా అన్నాలు చల్లారిపోతున్నాయి.

ఉమాదేవి తడిగుడ్డను గుమ్మం పక్కన పెట్టింది.

"సరే. కొట్టినారు. ఇప్పుడన్నా నా మాట వినండి. ముందు రెండు పెట్టెల్లోని అమరికలకు నకలు తీసి పెట్టుకుంటాను. ఎమ్మిగనూరు ఒక్కదాన్నే మొదట ఎక్కిస్తాను. కొన్ని దినాలు నడవనిచ్చి చూస్తాం. బాగుంటే ఆదోని. యాడన్నా తేడా వస్తే అప్పటికప్పుడే పాతదానికి వెనక్కి వచ్చేస్తాం."

"కొన్ని దినాలా?" ప్రదీప్ చేతిలోని ఇడ్లీ ప్లేటులో పడింది. "పక్క జిల్లాలో ఒక ఆసుపత్రిలో రోగుల వివరాలన్నిటికీ దొంగలు తాళం వేసిపెట్టినారని నీకు చూపిస్తిని గదా. వాళ్లు కూడా నీ మాదిరే కొన్ని దినాలు చూస్తాం అన్నోళ్లే. రెండూ ఈ పొద్దే కానీ."

"రెండూ ఒకేసారి చెడిపోతే?"

"ఎందుకు చెడిపోతాయి? నోట్లోంచి మంచి మాటే రాదా నీకు?"

కాని దేవేంద్రప్పగారు వేరొక మాట దగ్గర నిలిచిపోయారు. ఆయన కాఫీ గ్లాసును నెమ్మదిగా బల్ల మీద ఉంచారు.

"ఏమంటివమ్మా? వెనక్కా?"

"అవును మామా. పాత సాఫ్ట్‌వేర్‌కి."

"టెంకాయ కొట్టినాక?"

ఆయన స్వరం పెరగలేదు. పెరగకపోవటమే ఆ ఇంట్లో భయపెట్టే విషయం. టెంకాయ కొట్టి మొదలుపెట్టిన పనిని నడుమ వెనక్కి తీయరాదన్నది ఆయన పాటించే నియమాలలో మొదటిది. ఆసుపత్రి కట్టేనాడు టెంకాయ కొట్టిన చోట బోరులో నీరు పడకపోతే, పక్కకు జరుపుదామన్న ఇంజనీరును పంపివేసి, అదే గుంతలో నీరు తగిలేదాకా దింపించిన మనిషి. ఆ బోరు ఎంత లోతన్నది నేటికీ ఇంట్లో ఎవరూ ప్రస్తావించరు. పెద్దాయన 'కానీ' అంటే పని మొదలు. 'ఆపు' అన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా వినబడినది లేదు.

"కొట్టింది నేను కాదు గదా మామా. కొట్టినోళ్లను అడగండి."

"ఉమా, మాటకు మాట వద్దు," అన్నాడు ఉరుకుందు, తల ఎత్తకుండానే.

"నువ్వు ముందు ఒక మాట అను. ఏదన్నా ఒకటి. నీ అభిప్రాయమేంది?"

"నాయన చెప్పినట్ల."

"అది అభిప్రాయం కాదు. రబ్బరు స్టాంపు."

స్వప్నకు నవ్వు వచ్చింది. తండ్రి ముఖం చూసి దానిని కాఫీలో దాచుకుంది.

హనుమంతమ్మగారు కల్పించుకున్నారు. "అది కాదు పాపా. సగంలో వెనక్కి తీస్తే దేవునికేమని చెప్పేది?"

"ఆయనకు చెప్పే పనేముంది అత్తా? ఆయనకన్నీ తెలుసు. మనుషులకు చెప్పలేకనే చస్తాండాను."

"ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరు ఆపమంటే సర్జను ఆపుతాడు నాయనా," అంది స్వప్న. "ఎంత పెద్ద సర్జనైనా సరే. అదేమీ చిన్నతనం కాదు."

"ఈడ కత్తి పట్టిందెవరు?" అన్నాడు ప్రదీప్. "ఒక సాఫ్ట్‌వేరు. నా ఫోను రాత్రి నిద్రలో దానంతటదే ఎక్కించుకుంటాది. అదేమన్నా నన్ను లేపి, వెనక్కి పోదామా అని అడుగుతాదా?"

"నీ ఫోను ఆగిపోతే ఎవరికి నష్టం అన్నా? ఊరు కొంచెం ప్రశాంతంగా ఉంటాది."

"స్వప్నా!"

ఉమాదేవి మామగారి కుర్చీకి ఎదురుగా వచ్చి నిలబడింది.

"మామా, ఈ పొద్దే చేస్తాను. కొట్టిన టెంకాయకు మర్యాద. కాని ఒక్కటి అడుగుతాను. నడుమలో ఇబ్బంది వస్తే, వెనక్కి అని చెప్పే మనిషి ఒకరుండాల. నేనే ఉండాలని లేదు. మీరు ఎవరి పేరు చెప్పినా సరే. ఒక్క పేరు."

హనుమంతమ్మగారు చట్నీ గిన్నె మీద మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు.

"ఆ మాట నాది," అన్నారు దేవేంద్రప్పగారు చివరకు. "నన్నడుగు."

"అడిగితే అంటారా?"

అంత సూటిగా ఆయనను ప్రశ్నించినవారు అంతవరకు ఆ ఇంట్లో లేరు.

"అడిగినప్పుడు చూద్దాం. ఎమ్మిగనూరు ముందు కానీ. ఆదోని సంగతి తర్వాత."

ప్రదీప్ చేయి కడుక్కుని కారు తాళాలు తీసుకున్నాడు. "నేనే పోతా. ఆ పెట్టె పక్కనే నిలబడి చేయిస్తా. అయినాక ఫోను చేస్తా, అప్పుడు చెప్పు నీ వెనక్కి సంగతి."

మెట్ల దగ్గర ఉమాదేవి అతన్ని ఆపి, లాప్‌టాప్ చేతికిచ్చింది.

"బావా, దారి తెగితే ఈడినుంచి నాకు ఆ పెట్టె అందదు. అప్పుడు ఆడ పని చేయాల్సింది మీ చేతులే. దీని వైరు పెట్టెకు తగిలించండి. పాత సాఫ్ట్‌వేర్ పెట్టెలోనే రెండో చోట భద్రంగా ఉంటాది. తెర మీద ఈ రెండో వరుసను ఎంచి, రీస్టార్ట్ అనాల. ఒకసారి నాకు ఉత్తినే చేసి చూపించండి."

"పదో తరగతి పరీక్షనా?"

"చూపించండి బావా."

అతడు నవ్వుతూ, మారాం చేసే పిల్లను ఊరడించినట్టుగా, చేసి చూపించాడు. "చాలునా టీచరమ్మా? దీని అవసరం రాదులే."

"రాకుంటే నాకన్నా సంతోషపడేవాళ్లుండరు."

*

మధ్యాహ్నం భోజనాలయిన తరువాత దేవేంద్రప్పగారు స్వయంగా కిందికి దిగివచ్చి, కంప్యూటర్లుంచిన చిన్న గది గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. సభకు అధ్యక్షత వహించేవారు ఎలా కూర్చుంటారో అలా. పక్క గదిలో స్వప్న తన పెద్ద తెర ముందు ఉంది. ఉమాదేవి బల్ల మీద ఫోను స్పీకరులో ఉంది. అందులోంచి ఎమ్మిగనూరు వినబడుతోంది.

ఉమాదేవి ఇక్కడినుంచే ఎమ్మిగనూరు పెట్టెకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. అక్కడి పెట్టె ఆగి, మళ్లీ లేచింది.

"లేచినాది!" ప్రదీప్ కేక గది దాటి వినబడింది. "దీపాలన్నీ పచ్చగా వెలిగినాయి. ఇంటర్నెట్ వచ్చినాది. నా ఫోనులో క్రికెట్ కూడా ఆడతాండారు. ఏమ్మా ఉమా, యాడమ్మా నీ ఇబ్బంది?"

"మీ క్రికెట్ మీ సిమ్ముతో వస్తాంది బావా. యేసేపును ఒక పాత స్కాను పంపమనండి."

యేసేపు అక్కడ స్కాను తీసే ఉద్యోగి. అతడు పంపాడు. ఉమాదేవి పక్క గదివైపు తిరిగింది.

"వదినా, వచ్చినాదా?"

"లేదు."

మళ్లీ పంపాడు.

"ఏమీ రాలేదు ఉమా."

ఉమాదేవి తన ముందున్న తెర మీది అక్షరాలను చదివింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు; విసుగు మాత్రం ఉంది, ఇంతకు ముందే చెప్పిన మాటను మళ్లీ చెప్పవలసి వచ్చినవారికి ఉండే విసుగు.

"దారి తెగింది మామా. కొత్త సాఫ్ట్‌వేర్ పాత రకం తాళాలను ఒప్పుకోదు. ఆదోని పెట్టె పాత తాళమే చూపిస్తాంది. ఎమ్మిగనూరు పెట్టె, నువ్వెవరో నాకు తెలియదంటాంది. రెండుచోట్లా తాళాలు ముందుగానే మార్చి ఉండాల్సింది. ఆ మార్పు ఎట్ల చేసేదో చదువుకునేకే నేను టైం అడిగింది."

"అయితే సులభమే గదా," అంది ఫోను. "ఆదోనికి కూడా కొత్తది ఎక్కించు. రెండూ ఒకటైతాయి."

"కాకుంటే?"

"మల్లా కాకుంటేనా!"

"కాకుంటే ఆదోని ఆసుపత్రి మొత్తం చీకట్లో పడతాది బావా. ల్యాబు, ఐసీయూ రికార్డులు, అన్నీ. ఇప్పుడు ఒక కాలు గుంతలో ఉండాది. రెండోది కూడా పెట్టమంటాండారు." ఆమె కుర్చీ తిప్పుకుని మామగారికి ఎదురయింది. "మామా, అడుగుతాండాను. వెనక్కి తీసేదానికి మాట ఇవ్వండి."

దేవేంద్రప్పగారు ఫోనువైపు చూశారు.

"మామా."

"వాడు చెప్పేది కూడా సబబుగానే ఉండాది," అన్నారు ఆయన. "ముందుకు పోతే సరిపోయేదానికి వెనక్కెందుకు?"

"సరిపోతాదని ఎవరు చెప్పినారు?"

"సరిపోదని నువ్వెట్ల చెప్తావు?"

"నేను చెప్పను. నాకు తెలియదనే చెప్తాండాను. తెలియనప్పుడు తెలిసినచోటికి వెనక్కి రావాల. ఇంతకన్నా ఎట్ల చెప్పేది మామా? తెలుగులోనే గదా చెప్తాండాను?"

ఈ వాదం ఇంకా ఎంతసేపు నడిచేదో చెప్పలేము. ఫోనులో అవతల ఆటో ఆగిన శబ్దమూ, ఎవరో ఆడమనిషి ఏడుపూ వినిపించాయి.

"ఏంది అన్నా?" స్వప్న పరుగున గదిలోకి వచ్చింది.

"గోనెగండ్ల రోడ్డులో పత్తి కూలోళ్ల ఆటో బోల్తా పడిందంట." ప్రదీప్ గొంతులో ఉదయంనుంచి ఉన్న హుషారు తగ్గింది. "ఒకామెకు తలకు తగిలింది. హులిగెమ్మ అంట పేరు. నడుచుకుంటానే వచ్చినాది. మాట్లాడతాండాది. యేసేపు లోపలికి తీసుకపోయినాడు, స్కాను తీస్తాండాడు."

కొంతసేపటికి యేసేపు మాట వినిపించింది. "మేడం, స్కాను తీసినా. పంపిస్తాండా, పోతాలేదు. తెర ఫోటో తీసి వాట్సప్‌లో పెట్టినా, సూడండి."

స్వప్న తన ఫోను తెరిచి, పెద్దది చేసి, దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది.

"యేసేపూ, ఇందులో నాకు మీ ట్యూబ్‌లైటు కనబడతాంది. తల కనబడలేదు. సన్నగా రక్తపు చార ఉంటే ఈ ఫోటోలో తెలియదు. నాకు అసలు స్కాను కావాల."

"ఆమె వాళ్లు ఇంటికి పోతామంటాండారు మేడం. బాగానే మాట్లాడతాంది గదా, ఒట్టి తలనొప్పే గదా అంటాండారు. ఆటో కూడా పెట్టుకున్యారు. నేనేమని సెప్పాల?"

"పోనీయొద్దు. తలకు తగిలినోళ్లు ముందర బాగానే మాట్లాడతారు, తర్వాత ఉన్నట్టుండి పడిపోతారు. లోపల రక్తం ఉంటే కర్నూలుకు పోవాల, లేకుంటే ఇంటికి పోవచ్చు. ఏదో నేను చూస్తేనే చెప్పగలను. అన్నా, ఆపు వాళ్లను."

"ఆపుతాండాను. ఆమె మొగుడు నన్ను తోసుకుని పోతాండాడు. డాక్టరు యాడ, డాక్టరు లేకుండా ఎందుకు కూచోబెడతారు అంటాండాడు. ఏం చెప్పేది నేను?"

ఉమాదేవి లేచి నిలబడింది.

"మామా, ఇంగ అడగడం లేదు, బతిమాలుతాండాను. వెనక్కి అనండి. పాతది వస్తే దారి వస్తాది. ఇప్పుడే వస్తాది."

దేవేంద్రప్పగారు క్రూరుడు కాదు. ఎక్కడో ఒక స్త్రీ ప్రాణం తూగుతున్నదని ఆయనకు తెలుసు. కాని తాను ఏనాడూ అనని మాటను అనటానికి నోరు వెంటనే తిరగదు. అది తిరిగేలోగా, తిరగకపోవటమే తన నిర్ణయంగా ఆయన నోటినుంచి వచ్చింది.

"కొట్టిన టెంకాయకు అన్యాయం చేయకూడదు. ఆ సామి మీద భారం వేసి ముందుకే పో. ఆదోనిది ఎక్కించు."

"నేను ఎక్కించను."

"ఏమంటివి?"

"ఎక్కించను మామా. కావాలంటే ఇంట్లోనుంచి పంపించేయండి."

ఉరుకుందు వచ్చి తండ్రి కుర్చీ వెనుక నిలబడ్డాడు. స్వప్న తన ఫోనును బల్ల మీద బోర్లా పెట్టింది. ఎమ్మిగనూరు నుంచి ఆ స్త్రీ భర్త అరుపు, దాని వెనుక ఎవరిదో దగ్గు, ఆ తరువాత ఏమీ లేదు. ఫోను తెగిందేమోనని ఉమాదేవి చూసింది. తెగలేదు.

"ఉమా." ప్రదీప్ గొంతు చిన్నదయింది. "పొద్దున నువ్వు చూపించిన వరుస. రెండోది గదా ఎంచాల్సింది?"

"అవును బావా. రెండోది."

"ప్రదీప్!" దేవేంద్రప్పగారు ఫోనువైపు వంగారు. "ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు నాయనా."

"కానీ అన్నది నేను. ఆపాలంటే నేననాల."

"ఆడ కూచొని నువ్వు అనలేకపోతాండావు. తప్పు పట్టను. ఈడ నిలబడిండేది నేను. ఆమె నా ముందర బెంచీ మీద కూచోనుండాది, నీళ్లు కావాలంటాండాది." ఊపిరి వినబడింది. "టెంకాయ కొట్టింది నా చేతులే. దోషమేమన్నా ఉంటే నాకు రానీ."

"నా మాట దాటుతాండావురా."

"దాటినా నాయనా. నొక్కేసినా."

కుర్చీలో దేవేంద్రప్పగారు వెనక్కి ఒరిగారు. అటువైపు పెట్టె ఆగి మళ్లీ లేవటానికి పట్టిన సమయమంతా ఆ గదిలో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ఎమ్మిగనూరులో మాత్రం ప్రదీప్ బతిమాలటం వినబడుతూనే ఉంది: "ఇంగ రొంతసేపు కూచోప్పా... నీ కాళ్లు పట్టుకుంటా... డాక్టరమ్మ చూస్తాంది, ఇదో చూస్తాంది..." ఎవరినీ ఏనాడూ బతిమాలని మనిషి.

ఉమాదేవి ముందున్న తెర మీద ఒక గీత ఎరుపునుంచి పచ్చకు మారింది.

"వదినా!"

స్వప్న అప్పటికే తన గదిలో ఉంది. స్కానులు ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరుతున్నాయి. ఆమె ఒకచోట ఆగింది. గోడ అవతలినుంచి ఆమె కంఠం స్థిరంగా, తొందరగా వినవచ్చింది.

"అన్నా, ఇంటికి కాదు. పుర్రె లోపల రక్తం చేరతాంది. మన అంబులెన్సులోనే కర్నూలుకు. ఇప్పుడే. ఆపరేషనుకు సిద్ధంగా ఉండమని ఆడికి నేను ఫోను చేస్తా. నువ్వు ఆమెతో పాటు పో. ఆమె నిద్రపోతానంటే నాకు చెప్పు."

"పోతాండా."

ఫోను తెగింది.

ఉమాదేవి కుర్చీలో కూలబడింది. కంత మూయలేదు. పనంతా మళ్లీ మొదటినుంచి చేయాలి, తాళాలు మార్చాలి, అంతవరకు దొంగలకు దారి తెరిచే ఉంటుంది. ఆ మాట చెప్పే ఓపిక కూడా ఆమెకు లేదు. హనుమంతమ్మగారు మెట్లమీదినుంచి, "ఏమైందమ్మా? అయిందా పని?" అని రెండుసార్లు అడిగారు.

పొద్దు వాలుతుండగా కర్నూలునుంచి ప్రదీప్ ఫోను చేశాడు. హులిగెమ్మను ఆపరేషనుకు లోపలికి తీసుకున్నారట. బతుకుతుందో లేదో వైద్యులు ఇంకా చెప్పలేదట; కాని ఇంటికి తీసుకుపోయి ఉంటే తిరిగి వచ్చేది కాదని మాత్రం చెప్పారట.

ఉరుకుందు ఆ సంగతి విని, ఫోనును తండ్రికి అందించాడు.

దేవేంద్రప్పగారు లేచి నిలబడ్డారు. పై గుండీ పెట్టుకున్నారు. కార్యవర్గం ఎదుట తీర్మానం చదివేటప్పుడు మాత్రమే వాడే కంఠంతో, ఒక్కొక్క మాటను విడదీసి పలికారు.

"ప్రదీప్. దేవేంద్రప్పను మాట్లాడుతున్నాను. ఈ మధ్యాహ్నం, నేను ఇవ్వవలసిన ఆదేశాన్ని నేను ఇవ్వలేకపోయిన సమయంలో, నా మాటకు విరుద్ధంగా, నీ స్వంత బాధ్యత మీద, నీ చేతులతో నీవు ఆ పని చేసినావు. దానివలన ఒక రోగి సకాలంలో సరియైన చోటికి చేరింది. ఇది నీవు చేసిన పని, మరెవరిదీ కాదు. ఆసుపత్రి అధ్యక్షునిగా దీనిని అందరి ఎదుట అంగీకరిస్తున్నాను, నీకు కృతజ్ఞత తెలియజేస్తున్నాను."

అవతలినుంచి, "నాయనా..." అని వినబడింది.

"తండ్రిగా ఏమనాలో," అన్నారు దేవేంద్రప్పగారు, "ఇంకా తేల్చుకోలేదు."